జంట క్లౌన్ చేపలు కొట్టుకుంటుంటే విడదీయాలా, వదిలేయాలా?

కోనసీమ తొట్టి (అమలాపురం):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 3 అడుగుల ఉప్పునీటి తొట్టి ఉంది. సుమారు 190 లీటర్ల నీరు పడుతుంది, ఏడాదిన్నరగా నడుస్తోంది. అందులో రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక చిన్న గోబీ చేప, కొన్ని మెత్తటి పగడాలు తప్ప మరేమీ లేవు. ఈ రెండు క్లౌన్ చేపలనూ 8 నెలల క్రితం ఒకే రోజున, ఒకే దుకాణంలో, ఒకే తొట్టి నుంచి పట్టించి తెచ్చాను. అప్పటికి రెండూ ఇంచుమించు 4 సెంటీమీటర్లు ఉండేవి. ఇన్నాళ్లూ ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. రాత్రిళ్లు పవర్‌హెడ్ (నీటిని కదిలించే పంపు) వెనక మూలలో ఒకదానికొకటి ఆనుకుని పడుకునేవి.

పన్నెండు రోజులుగా పరిస్థితి తారుమారైంది. ఒకటి కాస్త పెద్దదై 6 సెంటీమీటర్లకు వచ్చింది, రెండవది ఐదున్నర దగ్గర ఉంది. పెద్దది చిన్నదాన్ని తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తరుముతోంది, పొట్ట కింద, తోక దగ్గర కొరుకుతోంది. చిన్నదాని తోక అంచు రంపంలా చిట్లిపోయింది. అది ఇప్పుడు పగలంతా నీటి పైభాగాన, ఫిల్టర్ గొట్టం పక్కన నిలబడి ఉంటోంది. మేత వేయడానికి పంపు ఆపినప్పుడు తొట్టి లోపలి నుంచి గోరుతో గాజును తట్టినట్టు టకటకమనే చప్పుడు కూడా వినిపిస్తోంది. అన్నిటికంటే నన్ను భయపెట్టిన విషయం ఏమిటంటే, పెద్దది దగ్గరకు రాగానే చిన్నది ఒక పక్కకు ఒరిగిపోయి, తల నుంచి తోక దాకా కొన్ని క్షణాలపాటు గజగజ వణుకుతోంది. అది మూర్ఛ వంటి జబ్బేమోనని మా ఇంట్లో వారు అంటున్నారు.

అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉన్నాయి. సాలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. చేపలు అమ్మే ఒకాయన పెద్దదాన్ని వారం రోజులు వేరే తొట్టిలో పెట్టమన్నారు. మరొక మిత్రుడు అసలు ముట్టుకోవద్దన్నారు. ఏది సరైనదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


ఉప్పాడ గాలి (కాకినాడ):

నేను రొయ్యల హేచరీలో పనిచేస్తాను, పదకొండేళ్లుగా ఇంట్లో క్లౌన్ చేపలను పెంచుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ముట్టుకోకండి.

ముందుగా ఆ వణుకు గురించి. అది జబ్బు కాదు. క్లౌన్ చేపల లోకంలో అది లొంగుబాటు. ‘నువ్వే పెద్ద, నేను నీ కింద’ అని చిన్నది ఒళ్లంతా వణికించి చెబుతోంది. ఒక తొట్టిలో రెండు క్లౌన్ చేపలున్నప్పుడు నేను వెతికే మొదటి గుర్తు ఇదే. వణుకు ఉందంటే వాటి మధ్య పెద్దాచిన్నా తేలుతున్నట్టు. మీరు విన్న టకటక చప్పుడూ వాటిదే. అవి దవడలను వేగంగా మూసి పళ్లు తాకించడం వల్ల ఆ చప్పుడు పుడుతుందని 2007లో క్లార్కీ అనే మరో క్లౌన్ జాతి చేపల మీద జరిగిన పరిశోధన చూపించింది.

ఇక అసలు విషయం. క్లౌన్ చేపలు పుట్టుకతో ఆడవి కావు. ఒక గుంపులో అన్నిటికంటే పెద్దది, అందరి మీదా పెత్తనం చేసేది ఆడదవుతుంది, రెండవ స్థానంలో ఉన్నది గుడ్లు కాచే మగదవుతుంది, మిగిలినవి ఎదగకుండా ఆగిపోతాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, దాని కిందిది మగ స్థానానికి ఎక్కుతుంది. ఆడది తన దౌర్జన్యంతోనే కింది చేపను మగదిగా ఉంచుతుందని హన్స్ ఫ్రిక్కె, సిమోన్ ఫ్రిక్కె అనే శాస్త్రవేత్తలు 1977లోనే ప్రచురించారు. అంటే మీరు చూస్తున్న కొరుకుళ్లు, తరుముళ్లు కేవలం పగ కాదు, ఆ జంట ఏర్పడే పద్ధతే అది. మధ్యలో మీరు చెయ్యి పెట్టి పెద్దదాన్ని వారం రోజులు బయట పెడితే, లోపల మిగిలిన చిన్నది ఆ వారంలో తొట్టి అంతా తనదే అనుకుంటుంది. పెద్దది తిరిగి వచ్చిన రోజున మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. ఈసారి చిన్నది అంత తేలికగా లొంగదు.


యానాం రేవు (యానాం):

నేను మంచినీటి తొట్టిలో మలావీ సిక్లిడ్ చేపలను పెంచుతాను. అవీ ఇలాగే కొట్టుకుంటాయి. రెండే ఉంటే ఒకటి చచ్చేదాకా వదలవు, ఇరవై ఉంటే దెబ్బలు అందరికీ పంచినట్టై ఏ ఒక్కదానికీ ప్రాణం మీదకు రాదు. మీరు కూడా మరో రెండు మూడు క్లౌన్ చేపలను తెచ్చి వేస్తే పెద్దదాని దృష్టి మళ్లుతుందని నా సూచన.


భీమవరం గట్టు (భీమవరం):

ఉప్పాడ గాలి గారు చెప్పిన శాస్త్రం నిజమే కావచ్చు. కానీ ‘ముట్టుకోకండి’ అనే మాటను నేను ఒప్పుకోలేను. ఆ మాట విని నేను ఒక చేపను పోగొట్టుకున్నాను.

నాలుగేళ్ల క్రితం రెండు మెరూన్ క్లౌన్ చేపలను కొన్నాను. జంట అని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చిన రెండో రోజు నుంచే పెద్దది చిన్నదాన్ని మూలకు తోయడం మొదలుపెట్టింది. ఫోన్ చేసి అడిగితే, ‘అలవాటు పడతాయండీ, వారం రోజులు ఆగండి’ అన్నారు. ఆగాను. అయిదో రోజు పొద్దున్నే దీపం వేసి చూస్తే చిన్నది నీటిపైన గాజు మూలకు అంటుకుని ఉంది. ఒక కన్ను లేదు, పొట్ట పక్కన పొలుసులు లేచిపోయి తెల్లటి మాంసం కనబడుతోంది, మొప్పలు మాత్రం ఇంకా కదులుతున్నాయి. గిన్నెలోకి తీసుకునేలోపే ఆగిపోయాయి. పెద్దది అప్పటికీ గాజు దగ్గరకు వచ్చి గిన్నె వైపు చూస్తూనే ఉంది.

నేను అడిగేది ఒక్కటే. సముద్రంలో ఓడిన చేపకు పారిపోవడానికి చోటు ఉంటుంది. 3 అడుగుల గాజు పెట్టెలో ఏముంది? మా ఊళ్లో పుంజులను పెంచేవాళ్లు ఎదిగిన రెండు పుంజులను ఒకే గంప కింద మూయరు. మూసి, ‘అవే తేల్చుకుంటాయి’ అనేవాడు ఎవడూ లేడు. పద్ధతి ఎంత సహజమైనదైనా, పారిపోయే దారి మనం మూసేసినప్పుడు ఫలితానికి బాధ్యత మనదే అవుతుంది. కోనసీమ తొట్టి గారూ, ఈ రాత్రికే విడదీయండి.


ఉప్పాడ గాలి (కాకినాడ):

భీమవరం గట్టు గారూ, మీ చేపకు జరిగినది చదివి బాధ కలిగింది. అయితే మెరూన్ జాతి వేరు, ఒసెల్లారిస్ వేరు. క్లౌన్ చేపలన్నిటిలోనూ మెరూన్ అంత కోపిష్టిది మరొకటి లేదని పెంచేవారందరూ అంటారు. దాని కంటి కింద ముల్లు ఉంటుంది, ఆడది పెరిగితే 15 సెంటీమీటర్లు దాటుతుంది, మగది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఆ జాతి విషయంలో మీరు చెప్పినదే నేనూ చెబుతాను. టొమాటో, క్లార్కీ జాతులు మధ్యస్తంగా ఉంటాయి. ఒసెల్లారిస్, పెర్క్యులా సాధారణంగా వీటన్నిటికంటే మెత్తనివి. జాతి పేరు అడగకుండా ‘క్లౌన్ చేపలు’ అని ఒకే సలహా ఇవ్వడం వల్లనే మీకు ఆ నష్టం జరిగింది.

సముద్రంలో పారిపోవడానికి చోటు ఉంటుందన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. క్లౌన్ చేపకు సముద్రం అంటే తాను ఉండే ఎనిమోనే, అంటే రాయికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవే. అది సరిగా ఈదలేని చేప, ఎనిమోన్‌ను వదిలి బయటకు వచ్చినదాన్ని పెద్ద చేపలు మింగేస్తాయి. అందుకే కిందిస్థాయి చేప తరిమివేతను తప్పించుకోవడానికి మరొక ఉపాయం పట్టింది: ఎదగకుండా ఉండటం. పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీలో పెర్క్యులా గుంపులను కొలిచి 2003లో ఈ సంగతి బయటపెట్టారు. వరుసలో పక్కపక్కన ఉన్న రెండు చేపల్లో చిన్నది పెద్దదానిలో 80 శాతం దగ్గర ఉండేటట్టు తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. ఆ తేడా ఉన్నంతకాలం కింది చేప పై చేపకు పోటీగా కనబడదు, తేడా తగ్గితే ప్రమాదం.

ఇప్పుడు అమలాపురం తొట్టిలోని కొలతలు చూడండి. 6 సెంటీమీటర్ల చేపకు కింద ఉండవలసినది సుమారు 4.8. ఉన్నది 5.5, అంటే 90 శాతం పైమాటే. గొడవకు మూలం అక్కడ ఉంది. ఒకే సైజు రెండు చేపలను ఒకే రోజు తెచ్చి వేయడం మనమందరం చేసే పొరపాటు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి కనుక అమ్మేవారూ అలాగే ఇస్తారు. హేచరీలో పుట్టిన పిల్లలు వందల కొద్దీ ఒకే తొట్టిలో ఉంటాయి, ఆ రద్దీలో ఎవరు ఎవరిని తరమాలో తెలియక సర్దుకుని ఉంటాయి. రెండింటిని విడిగా తెచ్చాక అసలు లెక్క మొదలవుతుంది.


రాజోలు చెరువు (రాజోలు):

నేను కొరమీను సాగు చేస్తాను. ఉప్పునీటి చేపల గురించి నాకు తెలిసింది తక్కువే కానీ, సైజు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. కొరమీను పిల్లను పది, పదిహేను రోజులకు ఒకసారి సైజువారీగా వేరు చేయకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. మా దగ్గర సైజు దగ్గరగా ఉంటేనే క్షేమం, మీ చేపల్లో సైజు దూరంగా ఉంటేనే క్షేమం అంటున్నారు. అలాగైతే ఉన్న రెండింటిలో ఒకదాన్ని మరొకరికి ఇచ్చేసి, పెద్దదాని దగ్గరకు రెండున్నర సెంటీమీటర్ల పిల్లను తెచ్చి వేయడం సులువైన దారి కాదా? ఇన్ని రోజులు ఆ తోక చిట్లిన చేపను చూస్తూ కూర్చోవడం ఎందుకు?


కోనసీమ తొట్టి (అమలాపురం):

రాజోలు చెరువు గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కానీ ఎనిమిది నెలలుగా నా చేతి దగ్గరకు వచ్చి మేత తిన్న చేపను అంత తొందరగా ఇచ్చేయడానికి మనసు ఒప్పడం లేదు. అన్ని దారులూ మూసుకుపోతే అప్పుడు చేస్తాను.

ఒక వివరం ముందు చెప్పడం మరచిపోయాను. గొడవ మొదలవడానికి ముందు రోజు పవర్‌హెడ్‌ను విప్పి కడిగాను. తిరిగి బిగించేటప్పుడు వైరు పొడవు చాలదని ఎడమ మూల నుంచి కుడి మూలకు మార్చాను. అంటే అవి పడుకునే మూల పోయింది. దీనికీ ఆ గొడవకూ సంబంధం ఉంటుందా?


పాలకొల్లు బడి (పాలకొల్లు):

నేను జీవశాస్త్రం బోధిస్తాను. ఈ చర్చలో ‘జంట’ అనే మాటను అందరూ ముందే ఒప్పేసుకున్నారు. నాకు అక్కడే సందేహం.

నాలుగు సెంటీమీటర్ల పిల్లలు వచ్చినప్పుడు అవి ఆడా కావు, మగా కావు. ఆ ఎనిమిది నెలల శాంతి జంట శాంతి కాదు, పసితనం. ఇప్పుడు పెద్దది ఆడదయ్యే దారిలో ఉండి ఉండవచ్చు. 2019లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఒసెల్లారిస్ చేపలపై చేసిన పరిశోధనలో, ఆడదిగా మారే చేపలో మెదడు ముందుగా మారుతుందనీ, జననగ్రంథి చాలా కాలం తర్వాత అండాశయంగా మారుతుందనీ తేలింది. ఆడదిగా మారిన చేప తిరిగి మగది కావడం మాత్రం వీటిలో లేదు. ఈ సంగతి మన చర్చకు ప్రాణం వంటిది. చిన్నది కూడా ఆడదయ్యే దారి పట్టిందంటే అవి రెండూ ఎన్నటికీ జంట కాలేవు. ఎన్ని వారాలు ఆగినా, ఎన్నిసార్లు విడదీసి కలిపినా ప్రయోజనం ఉండదు. ఒకే సైజు చేపలను నెలల తరబడి వేరువేరు తొట్లలో పెట్టడంలో ఉన్న అసలు ప్రమాదం కూడా ఇదే, ఒంటరిగా ఉన్న ప్రతి చేపా తన తొట్టిలో తానే పెద్ద.

కనుక కోనసీమ తొట్టి గారిని ఒక ప్రశ్న అడుగుతాను. వణికేది ఎప్పుడూ చిన్నదేనా? పెద్దది ఒక్కసారైనా వణికిందా? చిన్నది ఎప్పుడైనా తిరగబడి దవడకు దవడ పెట్టిందా? ఒక్కటే వణుకుతూ ఉంటే ఆశ ఉంది. రెండూ వణకకుండా ఎదురెదురుగా నిలబడితే ఆ క్షణానే విడదీయాలి, అప్పుడు నేను భీమవరం గట్టు గారి పక్షాన నిలబడతాను.

యానాం రేవు గారి సూచన గురించి. దయచేసి మరిన్ని క్లౌన్ చేపలను వేయవద్దు. సిక్లిడ్ చేపల లెక్క వీటికి సరిపోదు. ఒకినావాలో ఒసెల్లారిస్ పిల్లలపై జరిగి 2024లో ప్రచురితమైన పరిశోధనలో, తమలాగే మూడు తెల్ల చారలున్న చేపలను, మూడు చారలు గీసిన ప్లాస్టిక్ బిళ్లలను అవి ఎక్కువగా తరిమాయి. చారలు లేనివాటిని తక్కువగా పట్టించుకున్నాయి. అంటే వాటి దృష్టిలో అసలు శత్రువు మరో జాతి చేప కాదు, తన ఇంట్లో చోటు అడగడానికి వచ్చిన తన జాతి చేపే. స్థిరపడిన రెండింటి మధ్యకు మూడవది వస్తే దాన్ని ఆ రెండూ కలిసి చంపేయవచ్చు. స్థిరపడని రెండింటి మధ్యకు వస్తే ఏమవుతుందో ప్రయోగం చేసి చూడదగిన తొట్టి కాదు ఇది. చిన్నప్పుడే పదిహేను, ఇరవై పిల్లలను ఒకేసారి పెద్ద తొట్టిలో వేసి గుంపుగా పెంచేవారు ఉన్నారు, అది వేరే పద్ధతి, అందులోనూ పెద్దయ్యాక చాలామందికి గొడవలు తప్పలేదు.


యానాం రేవు (యానాం):

అర్థమైంది. నా సూచనను వెనక్కి తీసుకుంటున్నాను.


కోనసీమ తొట్టి (అమలాపురం):

పాలకొల్లు బడి గారూ, మీరు అడిగినట్టు నిన్న సాయంత్రం ఒక గంట కుర్చీ వేసుకుని చూశాను. పెద్దది పదకొండుసార్లు తరిమింది. చిన్నది ఏడుసార్లు వణికింది, పెద్దది ఒక్కసారీ వణకలేదు. చిన్నది తిరగబడలేదు. కానీ వణికిన తర్వాత కూడా రెండుసార్లు కొరికించుకుంది. మేత వేస్తే పైన తేలినది మాత్రమే తింటోంది, కిందకు దిగడం లేదు.


ఉప్పాడ గాలి (కాకినాడ):

ఆ గంట లెక్క వందమంది సలహాల కంటే విలువైనది. దాన్ని చూశాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను.

తరమడం వేరు, ముట్టడి వేరు. తరమడం అంటే వచ్చి, చెదరగొట్టి, వెళ్లిపోవడం, లొంగిన వెంటనే ఆగిపోవడం. ముట్టడి అంటే లొంగినా వదలకపోవడం, మేతకు రానివ్వకపోవడం, నిద్రకు చోటు ఇవ్వకపోవడం. తోక, రెక్కల అంచులు చిట్లితే నాకు భయం లేదు. నీళ్లు శుభ్రంగా ఉంటే అవి తిరిగి వస్తాయి. ఒంటి మీద మాంసం కనబడితే, పగలంతా మొప్పలు వేగంగా కొట్టుకుంటుంటే, రెండు రోజులు వరుసగా మేత మానేస్తే ఇక ఆగకూడదు. మీ చేప ఇంకా తింటోంది, కానీ వణికాక కూడా కరిపించుకుంటోంది. అంటే తరమడానికీ ముట్టడికీ మధ్య గీత మీద ఉంది.

పవర్‌హెడ్ విషయం నాకు చాలా ముఖ్యంగా కనబడుతోంది. ఎనిమోన్ లేని తొట్టిలో క్లౌన్ చేప ఏదో ఒక చోటును ఇల్లు చేసుకుంటుంది. పంపు కావచ్చు, ఒక పగడం కావచ్చు, గాజు మూల కావచ్చు. ఆ చోటు కోసం అది మనిషి చేతినైనా కరుస్తుంది, గాజు తుడిచేటప్పుడు నా వేళ్ల మీద గాట్లు పడిన రోజులున్నాయి. మీరు ఇల్లు కూల్చేసరికి కొత్త ఇంటి కోసం తగవు మొదలైందని నా అనుమానం. పంపును పాత మూలకే మార్చండి, వైరుకు జాయింటు వేయించండి. రాళ్లను కదిలించి రెండు పొరల దారులు చేసి, ఒకదానికొకటి కనబడకుండా దాక్కునే వీలు కల్పించండి.

ఇంకొక ప్రశ్న: నీళ్లు ఎక్కడివి వాడుతున్నారు? గోదావరికి వరద వచ్చే నెలల్లో మన తీరంలో పట్టిన సముద్రపు నీరు పల్చగా, బురదగా ఉంటుంది. ఆ నీటితో మార్చితే చేపలకు అదొక అదనపు బాధ.


కోనసీమ తొట్టి (అమలాపురం):

ఆర్ఓ నీటిలో సింథటిక్ సాల్ట్ కలిపి వాడుతున్నాను. మార్చే ముందు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తాను. నీటి వైపు నుంచి తేడా లేదు.


భీమవరం గట్టు (భీమవరం):

గీత మీద ఉన్న చేపను గీత దాటేదాకా చూడటం నా వల్ల కాదు. విడదీయమంటే ఇంటి రెండో గదికి తీసుకుపొమ్మని నా ఉద్దేశం కాదు. ‘విడదీయడం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి, ఇంతసేపూ మనం ఒకే అర్థం మీద వాదించాం. ఒకటి కంటికి కనబడకుండా దూరం చేయడం. రెండవది కంటికి కనబడుతూ, పంటికి అందకుండా చేయడం.

నా చేప పోయిన తర్వాత నేను మరొక మెరూన్ పిల్లను అలాగే కలిపాను. లైట్ల కప్పుకు వాడే తెల్ల ప్లాస్టిక్ జాలీని తొట్టి లోతుకు కోసి, మధ్యలో అడ్డంగా నిలబెట్టాను. నీరు ధారాళంగా ఆడుతుంది, చేపలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన కూడా తెలుస్తుంది. పెద్దది రోజంతా జాలీ దగ్గరకు వచ్చి ఎగిరెగిరి పడేది, చిన్నది అవతల వణికేది. ఉప్పాడ గాలి గారు భయపడినట్టు పెద్దాచిన్నా లెక్క చెరిగిపోలేదు, దెబ్బలు మాత్రం ఆగాయి. మూడు వారాలకు తీశాను. ఆ జంట ఈనాటికీ ఉంది.

ఒక్క జాగ్రత్త. జాలీ గళ్లలో చిన్న చేప ఇరుక్కోకూడదు, అంచుల దగ్గర వేలు పట్టే సందు ఉండకూడదు. మీ 5.5 సెంటీమీటర్ల చేపకు గళ్ల సమస్య రాదు, అంచులు మాత్రం చూసుకోండి.


ఉప్పాడ గాలి (కాకినాడ):

దీనికి నాకు అభ్యంతరం లేదు. నా గొడవంతా కంటికి దూరం చేయడంతోనే.

అయితే ఎవరిని ఎంత భాగంలో పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. చాలామంది దెబ్బ తిన్నదాన్ని చిన్న డబ్బాలో వేసి గాజుకు తగిలిస్తారు. పాపం దానికి అదొక జైలు, కొట్టినదానికి తొట్టంతా. దానివల్ల పెద్దది మరింత బలపడుతుందే తప్ప చిన్నదానికి మేలు లేదు. పెద్దదాన్నే డబ్బాలో పెడితే, ఎదురుగా ఉన్నా దాని పెత్తనం దెబ్బతింటుందని నా భయం. జాలీతో సగం సగం చేయడం ఈ రెండింటికంటే మేలు. పంపు పాత మూల ఏ సగంలో వస్తుందో అందులో పెద్దదాన్ని ఉంచండి. ఇల్లు దానిదేనని తేలిపోవాలి.


భీమవరం గట్టు (భీమవరం):

అక్కడ నేను ఒప్పుకోను. పాత మూలలో చిన్నదాన్ని ఉంచాలి. కుంగిపోయినది అదే, తెలిసిన చోట పడుకుంటే అది ముందు మేతకు దిగుతుంది. పెద్దదానికి ఇల్లు కట్టబెట్టనవసరం లేదు, అది ఎక్కడున్నా లాక్కుంటుంది.


పాలకొల్లు బడి (పాలకొల్లు):

ఇద్దరూ మన్నించాలి. పంపును పాత చోటుకు మార్చడం, జాలీ పెట్టడం ఒకే రోజున చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. నాకు తెలుసుకోవాలని ఉన్నా, అక్కడ ఒక ప్రాణం బాధపడుతోంది కనుక రెండూ ఒకేసారి చేయమనే చెబుతాను.

ఇంకొకటి గమనించండి. రాత్రి దీపాలు ఆర్పేముందు, పడుకునే చోటుకు దగ్గరలో ఉన్న నున్నటి రాయిని గానీ గాజును గానీ ఏదైనా నోటితో గీకి శుభ్రం చేస్తోందా? గుడ్లు పెట్టే ముందు క్లౌన్ చేపలు అలా చోటు సిద్ధం చేసుకుంటాయి. ఆ సమయంలోనూ, మగది గుడ్లను కాచే వారం పది రోజుల్లోనూ దౌర్జన్యం పెరుగుతుంది. అప్పుడు జాలీ పెట్టడం తగదు. మీ చేపల వయసుకు అది ఇంకా తొందరేనని నా అంచనా, అయినా చూడటంలో తప్పు లేదు.


కోనసీమ తొట్టి (అమలాపురం):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. 19 రోజుల తర్వాత రాస్తున్నాను.

ఆ మరుసటి రోజే పంపును ఎడమ మూలకు మార్చాను. జాలీని మా వీధిలోని ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికిన కప్పు నుంచి కోయించి, అంచులకు సన్నటి ప్లాస్టిక్ పట్టీలు అతికించి నిలబెట్టాను. రాయిని గీకడం రెండూ చేయలేదు. పాత మూలలో ఎవరిని ఉంచాలన్న విషయంలో భీమవరం గట్టు గారి మాట విన్నాను. ఉప్పాడ గాలి గారు నొచ్చుకోవద్దని మనవి. ఆ రాత్రి చిన్నది పంపు వెనకకు వెళ్లి, ఒక పక్కకు కాస్త ఒరిగి, కదలకుండా పడుకుంది. రెండు వారాల తర్వాత అది నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మూడో రోజు నుంచి నేలకు దిగి తినడం మొదలుపెట్టింది. పెద్దది మొదటి రెండు రోజులు జాలీకి ముక్కు ఆనించి పైకి కిందకు ఈదుతూనే ఉంది. తర్వాత తరచుదనం తగ్గింది. చిన్నది మాత్రం పెద్దది జాలీ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ వణికింది.

పద్నాలుగో రోజు రాత్రి దీపాలు ఆర్పిన తర్వాత జాలీ తీశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టార్చి మీద ఎర్ర కాగితం కట్టి చూశాను. పెద్దది పంపు వెనక మూలలో ఉంది, చిన్నది దానికి జానెడు దూరంలో రాయి పక్కన ఉంది. ఇప్పటికి అయిదు రోజులైంది. నిన్న మళ్లీ గంట లెక్క చూశాను: నాలుగుసార్లు తరిమింది, చిన్నది వణకగానే నాలుగుసార్లూ వదిలేసింది. చిట్లిన తోక అంచున గాజులా పారదర్శకమైన కొత్త పొర వస్తోంది, దానికి ఇంకా నల్ల గీత పట్టలేదు. కొలత మాత్రం ఏమీ మారలేదు, 6కు 5.5.


ఉప్పాడ గాలి (కాకినాడ):

నొచ్చుకోవడం ఏమీ లేదండి, చేప బతికింది. చివరికి మూల పెద్దదే తీసుకుందని మాత్రం గుర్తుంచుకోండి. పెద్దదానికి చిన్నదానికంటే ముందు, కాస్త ఎక్కువ మేత అందేలా చూడండి. చిన్నది 4.8 దగ్గర లేకపోయినా, పెద్దది 7కు చేరితే అదే ఫలితం. అంతవరకూ మీ తొట్టిని స్థిరపడిన తొట్టిగా నేను లెక్కించను.


భీమవరం గట్టు (భీమవరం):

ఈ ఒక్క విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. జాలీని పారేయకండి.


కోనసీమ తొట్టి (అమలాపురం):

పారేయలేదండి. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, తొట్టి స్టాండు కింద నిలబెట్టి ఉంచాను.